తప్పు దిద్దే అధికారం: సంస్థల్లో సమాచార వ్యవస్థల డెబ్బై అయిదేళ్ల సింహావలోకనం

ఆఫీసు పనికి కంప్యూటర్‌ను పెట్టడం మొదలై డెబ్బై అయిదేళ్లు అవుతోంది. ఈ కాలంలో యంత్రం ఎంత చిన్నదైందో, ఎంత వేగం పుంజుకుందో చెప్పే చరిత్రలు కావలసినన్ని వచ్చాయి. ఆ యంత్రాన్ని సంస్థలు ఎలా నడిపాయన్నది అంతగా పట్టించుకోని కథ. జీతం బిల్లు, రైలు బెర్తు, బ్యాంకు నిల్వ, పొలం పాసుపుస్తకం, ఉపాధి కూలి అన్నీ ఇవాళ ఏదో ఒక డేటాబేసులో పద్దులే. పద్దు సరిగ్గా ఉంటే పని క్షణంలో పూర్తవుతుంది. తప్పుగా ఉంటే మనిషి ఎవరి దగ్గరికి వెళ్లాలి? వెళ్లిన చోట ఉన్నవారికి దాన్ని దిద్దే అధికారం ఉందా? దిద్దినట్టు జాడ మిగులుతుందా? ఒక సమాచార వ్యవస్థ బాగా నడుస్తోందా లేదా అన్నది ఈ మూడు ప్రశ్నలతోనే తేలుతుందని నా నమ్మకం. గడిచిన కాలాన్ని ఆ దృష్టితోనే ఒకసారి కలయజూద్దాం.

టీ దుకాణాల కంపెనీలో మొదలు

వ్యాపారం లెక్కలు క్రమం తప్పకుండా చేసిన మొదటి కంప్యూటర్ బ్రిటన్‌లో టీ దుకాణాలు నడిపే లయన్స్ కంపెనీది. 1947లో ఆ కంపెనీ తన మేనేజర్లు ఇద్దరిని అమెరికా పంపి కొత్త యంత్రాల సంగతి తెలుసుకుంది. కేంబ్రిడ్జిలో తయారవుతున్న ఎడ్‌శాక్ యంత్రానికి 3,000 పౌండ్లు సాయం చేసి, ఆ నమూనాలో సొంత యంత్రం కట్టుకుంది. దానికి లియో అని పేరు పెట్టారు. 1951 నవంబరు నుంచి అది వారం వారం బేకరీ లెక్కలు కట్టేది.

ఆ తర్వాత లియోకు అప్పగించిన పని దుకాణాలకు సరుకు పంపడం. ఒక్కో దుకాణానికి ఏ రోజు ఎంత సరుకు పడుతుందో చెప్పే జాబితా ముందే యంత్రానికి ఇచ్చారు. దుకాణం చూసుకునే మేనేజరమ్మ రోజూ ఫోన్ చేసి, రేపటికి ఏం పెంచాలో, ఏం తగ్గించాలో చెబితే చాలు. ఆఫీసులో కూర్చున్న అమ్మాయి ఆమె మాట వింటూనే ఆ మార్పులను కార్డుల మీద పంచ్ చేసేది. లెక్క కట్టడం, సరుకు పంపించడం మిగతా వ్యవస్థ పని. రేపు వాన పడితే గిరాకీ ఎలా ఉంటుందో దుకాణంలో ఉన్న మనిషికే బాగా తెలుసు. అందుకే మార్చే అధికారం ఆమెకే ఇచ్చారు. ఈ పనులకు రూపం ఇచ్చిన డేవిడ్ కెమినర్ ప్రోగ్రాం రాయించే ముందు గుమాస్తాలు పని చేసే తీరును వరుసగా గమనించేవారు. కంప్యూటర్‌కు ముందు పనిని అర్థం చేసుకోవాలన్న పాఠం మొదటి రోజుల్లోనే దొరికింది. ఆ తర్వాత దాన్ని చాలాసార్లు పోగొట్టుకుని, చాలాసార్లు మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది.

1960ల్లో యంత్రాలు పెద్దవయ్యాయి, ఆశలు అంతకంటే పెరిగాయి. 1964 నాటికి అమెరికన్ ఎయిర్‌లైన్స్, ఐబీఎం కలిసి సేబర్ అనే విమాన రిజర్వేషన్ వ్యవస్థను పూర్తి స్థాయిలో నిలబెట్టాయి. అదే కాలంలో చాలా ప్రాజెక్టులు గడువు దాటాయి, ఖర్చు దాటాయి, చేతికొచ్చాక పనికి రాకుండా పోయాయి. 1968 అక్టోబరులో నాటో ఆధ్వర్యంలో జర్మనీలోని గార్మిష్‌లో నిపుణులు సమావేశమై సాఫ్ట్‌వేర్ సంక్షోభం గురించి బాహాటంగా మాట్లాడుకున్నారు. ఐబీఎంలో ఓఎస్/360 నిర్మాణాన్ని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో తన అనుభవాన్ని పుస్తకంగా తెచ్చారు. ఆలస్యమైన ప్రాజెక్టుకు కొత్త మనుషులను జోడిస్తే ఇంకా ఆలస్యమవుతుందని అందులో ఆయన తేల్చారు. కొత్తగా వచ్చినవారికి పని చెప్పడానికే పాతవారి సమయం హరించుకుపోతుంది. ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసిన దారులు కూడా పెరిగిపోతాయి. యాభై ఏళ్లు దాటినా గడువు దగ్గర పడితే మనుషులను కుమ్మరించే మేనేజర్లు ఇప్పటికీ ఉన్నారు.

మన దేశంలో: భయం, స్వావలంబన

భారతదేశానికి కంప్యూటర్ 1955లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ద్వారా వచ్చింది. ఆఫీసుల్లోకి రావడం మాత్రం గొడవల మధ్య జరిగింది. 1960ల్లో జీవిత బీమా సంస్థలో కంప్యూటర్ పెట్టబోతే ఉద్యోగాలు పోతాయని కార్మిక సంఘాలు గట్టిగా ఎదిరించాయి. ఆటోమేషన్ సంగతి తేల్చడానికి 1969లో కేంద్రం దాండేకర్ అధ్యక్షతన కమిటీ వేసింది. ఆ భయాన్ని వెనకబాటుతనమని కొట్టిపారేయడం అన్యాయం. యంత్రం వస్తే ఎవరి పని ఏమవుతుందో ముందుగా చెప్పి ఒప్పించడం యాజమాన్యం బాధ్యత. ఆ బాధ్యత నెరవేర్చిన చోట మార్పు తేలిగ్గా సాగింది.

ఇక్కడ హైదరాబాద్ పాత్ర ముఖ్యమైనది. 1967లో ఏ.ఎస్. రావు నాయకత్వంలో మొదలైన ఈసీఐఎల్ రెండేళ్లు తిరిగేసరికి టీడీసీ-12 అనే స్వదేశీ కంప్యూటర్‌ను తయారు చేసింది. విదేశీ వాటా తగ్గించుకోవాలన్న నిబంధన దగ్గర పేచీ వచ్చి ఐబీఎం 1978లో దేశం విడిచి వెళ్లింది. అది వదిలేసిన యంత్రాల మరమ్మతు భారం 1975లో ప్రభుత్వం స్థాపించిన సీఎంసీ తలకెత్తుకుంది. యంత్రం కొనడం ఒక ఎత్తు, కొన్నదాన్ని ఏళ్ల తరబడి నడుపుకోవడం ఇంకో ఎత్తు. మన ఇంజినీర్లు ఆ రెండోది నేర్చుకున్నది ఈ మరమ్మతు పనిలోనే.

కౌంటరు మార్చేసిన రైలు

సామాన్యుడు కంప్యూటర్‌తో ముఖాముఖి అయింది రైల్వే రిజర్వేషన్ కౌంటరులోనే. అంతకుముందు ఒక్కో రైలుకు, ఒక్కో తేదీకి విడివిడిగా చార్టులు ఉండేవి. ఏ రైలుకు ఏ కిటికీయో కనుక్కుని అక్కడే వరుసలో నిలబడాలి. తిరుగు ప్రయాణానికి బెర్తు కావాలంటే ఆ ఊరికి తంతి కొట్టి జవాబు కోసం కాచుకోవాలి. 1985లో ఢిల్లీలో సీఎంసీ తయారు చేసిన వ్యవస్థతో ప్రయోగం మొదలైంది. ఏ కౌంటరులోనైనా ఏ రైలుకైనా టికెట్ దొరకడం అప్పట్లో పెద్ద సంచలనం.

అయితే ఒక్కో కేంద్రం తన ప్రాంతం రైళ్ల వరకే చూసుకునేది. వీటిని కలపడానికి రైల్వే వారి సొంత సంస్థ క్రిస్ రాసిన కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌ను మొదట పెట్టింది సికింద్రాబాద్‌లో, 1994 సెప్టెంబరులో. 1999 ఏప్రిల్ నాటికి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు అయిదూ ఒక్కటయ్యాయి. 2002లో ఇంటర్నెట్ టికెట్ వచ్చింది.

ఈ విజయానికి వేగం ఒక్కటే కారణం అనుకోకూడదు. వెయిటింగ్ లిస్టులో మన వంతు ఎంతో పీఎన్ఆర్ నంబరుతో ఎవరైనా చూసుకోవచ్చు. చార్టు వేశాక కూడా రైల్లో పరిస్థితి మారుతుందని వ్యవస్థకు తెలుసు. ఎక్కని ప్రయాణికుడి బెర్తును ఆర్ఏసీ ప్రయాణికుడికి రాసిచ్చే అధికారం టీటీఈకి ఉంది. ఇప్పుడు ఆ మార్పు ఆయన చేతిలోని యంత్రంలోనే నమోదవుతుంది. నియమం కేంద్రంలో తయారైనా, నిజాన్ని చూసి దిద్దే మనిషి బోగీలోనే ఉన్నాడు.

ఎదురు పద్దు నేర్పే పాఠం

బ్యాంకుల్లో మార్పు నెమ్మదిగా వచ్చింది. 1983లో యాజమాన్యాలకు, సంఘాలకు కుదిరిన ఒప్పందం, ఆ మరుసటి ఏడాది సి. రంగరాజన్ కమిటీ ఇచ్చిన నివేదిక దారి చూపాయి. ముందు లెడ్జర్ పోస్టింగ్ యంత్రాలు వచ్చాయి. అప్పటిదాకా బ్రాంచీలో టోటల్ కుదరకపోతే, తేడా ఎక్కడుందో దొరికేదాకా గుమాస్తాలు రాత్రిళ్లు లెడ్జర్లు తిరగేసేవారు. ఈ శతాబ్దం మొదటి దశాబ్దంలో కోర్ బ్యాంకింగ్ విస్తరించాక ఫలానా బ్రాంచీ ఖాతాదారు కాస్తా మొత్తం బ్యాంకుకే ఖాతాదారు అయ్యాడు.

కంప్యూటర్ రాకముందే బ్యాంకులు పాటించిన ఒక పద్ధతి మిగతా సంస్థలన్నిటికీ ఆదర్శం కావాలి. లెక్కల్లో తప్పు పద్దు పడితే దాన్ని చెరిపేయరు. ఎదురు పద్దు వేసి, ఆ పక్కన సరైన పద్దు రాస్తారు. ఒకరు నమోదు చేస్తే ఇంకొకరు సరిచూసి ఆమోదిస్తారు. తప్పు, దాని దిద్దుబాటు, దిద్దిన మనిషి పేరు మూడూ రికార్డులో నిలిచి ఉంటాయి. సాఫ్ట్‌వేర్ కూడా ఈ పద్ధతినే ఆచరించినందువల్ల బ్యాంకింగ్ మీద జనానికి నమ్మకం చెదరలేదు. 2016లో వచ్చిన యూపీఐతో తోపుడు బండి దగ్గర కూడా ఫోన్‌తో డబ్బు చెల్లిస్తున్నామంటే, దాని కింద ఈ పాత లెక్కల క్రమశిక్షణ ఉంది.

వై2కే, ఈఆర్పీ: పాత కోడు, కొత్త కొనుగోలు

1990ల చివర్లో ప్రపంచం ఒక చిత్రమైన గడువు ఎదుర్కొంది. స్థలం పొదుపు కోసం సంవత్సరాన్ని రెండంకెల్లో రాసిన పాత ప్రోగ్రాములు 2000ను 1900గా చదివే ప్రమాదం వచ్చింది. దాన్ని సరిచేయడానికి కోబాల్ తెలిసిన వేలాది మంది తెలుగువాళ్లు అమీర్‌పేట శిక్షణ కేంద్రాల నుంచి, ఇంజినీరింగ్ కాలేజీల నుంచి అమెరికా వెళ్లారు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకున్నది ఈ వాతావరణంలోనే. ఎవరో ఎప్పుడో రాసిన కోడును ఓపికగా చదివి అర్థం చేసుకోవడం మన కుర్రవాళ్లకు అన్నం పెట్టిన విద్య. తమ దగ్గర ఏ సాఫ్ట్‌వేర్ ఎంతుందో, దాని బాధ్యత ఎవరిదో చాలా కంపెనీలు మొదటిసారి జాబితా రాసుకున్నదీ అప్పుడే.

అదే దశకంలో శాప్ లాంటి ఈఆర్పీ సాఫ్ట్‌వేర్లు ఖాతాలు, కొనుగోళ్లు, సరుకు, జీతాలు అన్నిటినీ ఒకే గొడుగు కిందకి తెచ్చాయి. తొందరపడినవారు నష్టపోయారు. చాక్లెట్ల కంపెనీ హెర్షీ 1999లో పండగ సీజను ముందు కొత్త వ్యవస్థకు మారి, గోదాముల్లో సరుకు ఉండగానే సుమారు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు అందించలేకపోయింది. ఇలాంటి దెబ్బల తర్వాత 2001లో అమెరికాలోని యూటాలో పదిహేడు మంది ప్రోగ్రామర్లు కలిసి ఎజైల్ ప్రకటన చేశారు. వాడేవారితో తరచూ మాట్లాడుతూ, కొద్దికొద్దిగా కట్టి చూపిస్తూ పోవాలన్నది దాని సారం. లయన్స్ కంపెనీ మేనేజరమ్మ మాట విన్న పద్ధతికి ఇది చాలా దగ్గర.

రిజిస్ట్రారు ఆఫీసు నుంచి ప్రజావేదిక దాకా

1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ల శాఖలో కార్డ్ అనే పథకాన్ని 200కు పైగా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో ప్రారంభించారు. అంతవరకు దస్తావేజు రిజిస్టరయ్యాక దాన్ని పుస్తకంలోకి చేత్తో నకలు రాసేవారు. అసలు దస్తావేజు యజమాని చేతికి వచ్చేసరికి రోజులు గడిచేవి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కావాలంటే ఏళ్ల తరబడి ఇండెక్సు పుస్తకాలు వెతకాలి. ఆస్తి విలువ ఎంత కడతారో కొనేవాడికి తెలియదు, దాంతో మధ్యవర్తి చెప్పిందే వేదం. కార్డ్‌తో విలువల పట్టిక తెర మీదికి వచ్చింది, దస్తావేజు స్కానింగ్‌కు వెళ్లింది, ఈసీ నిమిషాల పని అయింది. 2001లో ఈసేవ, 2011లో మీసేవ వచ్చి ప్రభుత్వ పనులను వీధి చివరి కేంద్రానికి తెచ్చాయి. నకలు త్వరగా దొరికింది. కానీ మూలంలో ఉన్న తప్పు కూడా అంతే త్వరగా ముద్రణ అయి చేతికొచ్చింది. దాన్ని దిద్దాల్సినవారు మళ్లీ పాత ఆఫీసులోనే ఉన్నారు.

దీనికి సమాధానం చూపింది ఉపాధి హామీ పథకం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఈ పథకం మొదలైంది. రాష్ట్ర గ్రామీణాభివృద్ధి శాఖ టీసీఎస్ సాయంతో మస్టరు (హాజరు పట్టిక) నుంచి చెల్లింపు దాకా సాఫ్ట్‌వేర్‌లో నడిపింది. అంతటితో ఆగకుండా సామాజిక తనిఖీని వ్యవస్థలో భాగం చేసింది. కూలీల కుటుంబాల్లో చదువుకున్న యువతకు శిక్షణ ఇచ్చి, కంప్యూటర్ నుంచి తీసిన రికార్డులు పట్టించి ఇల్లిల్లూ తిప్పారు. ఎన్ని రోజులు పని చేశావు, ఎంత కూలి వచ్చింది అని అడిగి, ఆ జవాబును కాగితం మీది అంకెతో సరిపోల్చేవారు. తేడాలను గ్రామసభలో చదివి వినిపించేవారు. చివర్లో మండల కేంద్రంలో అధికారుల ముందు ప్రజావేదిక జరిగేది. ఊళ్లో లేని మనిషి పేరున పడ్డ మస్టరు అక్కడ బయటపడేది. డేటాబేసులోని పద్దును అక్షరం రాని కూలి తన నోటి మాటతో ప్రశ్నించగలిగిన వ్యవస్థ ఇది. సమాచార వ్యవస్థల నిర్వహణలో తెలుగు నేల ప్రపంచానికి ఇచ్చినవాటిలో దీనికంటే గొప్పది నాకు కనబడదు.

తెరను నమ్మి మనిషిని శిక్షించిన కథ

లియో పుట్టిన బ్రిటన్‌లోనే ఈ ప్రజావేదిక పద్ధతికి పూర్తి విరుద్ధమైన ఘోరం జరిగింది. 1999లో అక్కడి పోస్టాఫీసు సంస్థ హొరైజన్ అనే వ్యవస్థను తెచ్చింది. చిన్న ఊళ్లలో దుకాణంతో పాటు పోస్టాఫీసు నడిపే సబ్ పోస్ట్‌మాస్టర్ల లెక్కల్లో, గల్లాలో ఉన్నదానికీ తెర మీద కనబడేదానికీ తేడాలు రావడం మొదలైంది. లోటు సొంత డబ్బుతో కట్టాలని సంస్థ ఒత్తిడి తెచ్చింది. సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే ఈ ఇబ్బంది మీ ఒక్కరికేనని చెప్పారని ఎంతోమంది తర్వాత సాక్ష్యమిచ్చారు. 2015 వరకు 900 మందికి పైగా దొంగతనం, తప్పుడు లెక్కల కేసుల్లో ఇరుక్కున్నారు. జైలుకు వెళ్లినవారు, ఇల్లు అమ్ముకున్నవారు, ప్రాణం తీసుకున్నవారు ఉన్నారు. అలన్ బేట్స్ నాయకత్వంలో బాధితులు వేసిన దావాలో 2019 డిసెంబరులో హైకోర్టు సాఫ్ట్‌వేర్‌లోని లోపాలే ఈ తేడాలకు కారణం కాగలవని తేల్చింది. 2024లో పార్లమెంటు ఏకంగా చట్టం చేసి శిక్షలు రద్దు చేసింది.

ఆ విచారణల్లో బయటపడిన ఒక సంగతి మేనేజర్లు ఎప్పటికీ గుర్తుంచుకోవాలి. సాఫ్ట్‌వేర్ తయారు చేసిన కంపెనీ మనుషులు దూరం నుంచి బ్రాంచీ లెక్కల్లోకి వెళ్లి మార్పులు చేయగలిగేవారు. ఆ సంగతి బ్రాంచీ నడిపేవారికి తెలియనివ్వలేదు. నష్టం భరించేవాడికి దిద్దే అధికారం లేదు, దిద్దగలిగినవాడికి బాధ్యత లేదు. ఎంత పెద్ద సంస్థనైనా అన్యాయంలోకి నెట్టడానికి ఈ రెండూ ఒకచోట కలిస్తే చాలు.

మన భూమి రికార్డులను ఈ వెలుగులో చూడాలి. 2020 అక్టోబరులో తెలంగాణ ప్రారంభించిన ధరణి పోర్టల్‌తో వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే పూటలో పూర్తయ్యాయి. అది నిజమైన మేలు. అయితే పేరులో, విస్తీర్ణంలో, సర్వే నంబరులో తప్పు పడిన రైతు దారి వేరు. టీఎం-33 లాంటి మాడ్యూళ్లలో దరఖాస్తు పెట్టి కలెక్టరేట్ చుట్టూ తిరగవలసి వచ్చింది. కింది స్థాయిలో దిద్దే అధికారం లేదు, చట్టంలో అప్పీలు మార్గం లేదు. 2024లో కొన్ని అధికారాలను తహసీల్దార్లకు, ఆర్డీఓలకు బదలాయించారు. 2025 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం అప్పీలు అవకాశాన్ని మళ్లీ కల్పించింది. ప్రభుత్వాలు మారినా ఈ అనుభవం చెప్పే పాఠం మారదు. దరఖాస్తులు పేరుకుపోయింది సాంకేతికత చాలక కాదు, దిద్దే అధికారం దూరమైపోయినందువల్ల.

మేఘాల్లో ఉన్నా బాధ్యత మనదే

అమెజాన్ 2006లో కంప్యూటర్లను అద్దెకివ్వడం మొదలుపెట్టాక సంస్థలు సొంత సర్వర్లను వదిలి క్లౌడ్‌కు మారాయి. ఖర్చు తగ్గింది, వేగం పెరిగింది, పరాధీనత కూడా పెరిగింది. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే అమెరికా షేర్ల సంస్థలో ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడు ఎక్కించడం మరిచారు. ముప్పావు గంటలో 44 కోట్ల డాలర్లు పోయాయి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. కలం పట్టుకుని పని నడిపించడం తెలిసిన సిబ్బంది ఉన్నందువల్లే విమానాలు కదిలాయి.

ఇప్పుడు కృత్రిమ మేధ దరఖాస్తులు చదువుతోంది, అప్పు ఇవ్వాలా వద్దా అని సలహా చెబుతోంది, కోడు కూడా రాస్తోంది. పద్దు ఎందుకు అలా పడిందో రాసినవాడే చెప్పలేని స్థితి వస్తున్నప్పుడు దిద్దుబాటు గురించిన ప్రశ్న మరింత బరువెక్కుతుంది.

డెబ్బై అయిదేళ్ల అనుభవం నుంచి సంస్థలు తీసుకోవలసిన నియమాలు నాలుగు కనబడుతున్నాయి. ప్రతి రికార్డుకూ పేరుతో ఒక బాధ్యుడు ఉండాలి. తప్పు దిద్దే అధికారం బాధితుడికి అందుబాటులో ఉన్న స్థాయిలో ఉండాలి, దానిపై అప్పీలు ఉండాలి. ప్రతి మార్పూ బ్యాంకు ఎదురు పద్దులా జాడ వదలాలి. యంత్రం ఆగిన రోజున పని నడిపే పద్ధతి సిబ్బందికి ముందే అలవాటై ఉండాలి. వీటికి కొత్త పరిశోధనలు అక్కర్లేదు, అన్నీ ఎక్కడో ఒకచోట పనిచేసి చూపించినవే.

టెండరు పత్రాల్లో సర్వర్ల సామర్థ్యం గురించి పేజీలకు పేజీలు రాస్తారు, దిద్దుబాటు విధానం గురించి ఒక్క పేరా ఉండదు. ఆ అధ్యాయాన్ని ముందు రాయాలి, దానికి డబ్బు కేటాయించాలి, అది పనిచేస్తోందని ఊళ్లో సభ పెట్టి చూపించాకే కొత్త వ్యవస్థను ప్రారంభించాలి. ప్రపంచం నలుమూలలా ఈ వ్యవస్థలను కడుతున్నవారిలో తెలుగువాళ్లు లక్షల్లో ఉన్నారు. డిజైను సమావేశంలో కూర్చున్నప్పుడు ఈ తప్పును ఎవరు దిద్దుతారని అడిగే అలవాటు మనవాళ్లకు ఉంటే, అది ఏ ధ్రువపత్రానికీ తీసిపోని నైపుణ్యం.